పాదాల రాయి ఉండాల్సిన చోటు

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గరైనా, విజయనగరం గంటస్తంభం దగ్గరైనా ఫ్యాన్సీ షాపుకి వెళ్ళి కాళ్ళు రుద్దుకునే రాయి, అంటే ప్యూమిస్ రాయి, అడిగితే, గోళ్ళ రంగులూ బొట్టుబిళ్ళలూ పెట్టిన అరలోంచి తీసి ఇస్తారు. ఆ అర మీదే నా అభ్యంతరం. అక్కడ ఉన్నంతకాలం అది పెళ్ళికి ముందో పండక్కి ముందో కొనుక్కునే సోకు వస్తువుగానే ఉండిపోతుంది. అసలు దాని అవసరం ఎవరికి ఎక్కువో చూడండి. ఉభాల రోజుల్లో పొద్దున దిగి సాయంత్రం దాకా బురదలో వంగి నాట్లు వేసే ఆడవాళ్ళకి, ఉపాధి పనిలో చెప్పుల్లేకుండా మట్టి మోసేవాళ్ళకి, ఒడ్డున ఉప్పునీళ్ళలో నిలబడి వల లాగే మత్స్యకారులకి, పలాస జీడి ఫ్యాక్టరీల్లో గచ్చు మీద గంటల తరబడి నిలబడేవాళ్ళకి. మడమ లోతుగా పగిలి రక్తం కారితే వాళ్ళకి పోయేది ఆ రోజు కూలి. కొడవలికి ఆకురాయి ఎంత అవసరమో ఆ కాళ్ళకి ఈ రాయి అంత అవసరం. ఎరువుల దుకాణంలో గునపాలూ కొడవళ్ళూ వేలాడదీసే చోట ఇదీ ఉండాలని నా వాదన. పనిముట్టుగా చూస్తేనే దాన్ని ఎలా వాడాలో, ఎక్కడ ఆపాలో నేర్చుకోవాలన్న ఆలోచన వస్తుంది. సోకు వస్తువుగా చూస్తే ఎంత రుద్దితే అంత మంచిదనిపిస్తుంది. ఈ రాయి వల్ల జరిగే నష్టాల్లో చాలావాటికి మూలం ఆ ఒక్క భ్రమే.

ముందు ఇది ఏమిటో తెలియాలి. ప్యూమిస్ అంటే అగ్నిపర్వతంలో పుట్టిన గాజు. సిలికా ఎక్కువగా ఉన్న చిక్కటి శిలాద్రవంలో నీటి ఆవిరి, ఇంకా కొన్ని వాయువులు కరిగి ఉంటాయి. పర్వతం పేలగానే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి అవన్నీ బుడగలై పొంగుతాయి. స్ఫటికాలు కట్టే వ్యవధి లేకుండానే ద్రవం చల్లారి గట్టిపడుతుంది, బుడగలు ఎక్కడివక్కడ నిలిచిపోతాయి. చాలా ముక్కల్లో మూడు వంతులు ఖాళీయే ఉంటుంది కాబట్టి నీళ్ళలో వేస్తే తేలుతుంది. 1883లో క్రకటోవా పేలినప్పుడు బయటికొచ్చిన ప్యూమిస్ తెప్పలు తెప్పలుగా హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా తీరం దాకా వెళ్ళింది. 2021లో జపాన్‌కి దక్షిణాన ఫుకుతోకు-ఒకనోబా అనే సముద్రగర్భ అగ్నిపర్వతం పేలితే, ఆ ముక్కలు ఒకినావా రేవుల్లోకి కొట్టుకొచ్చి పడవలు కదలకుండా చేశాయి.

మన కొండల్లో ఇది దొరకదు. తూర్పు కనుమలు ఖొండలైట్, చార్నొకైట్ లాంటి పాత రాళ్ళు, భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ రూపు మారినవి. టెక్కలి క్వారీల నీలి గ్రానైట్‌కి ఎంత పేరున్నా అందులో ఒక్క బుడగ కనిపించదు. కాబట్టి షాపులో ఉన్నది అసలు రాయైతే టర్కీ, గ్రీస్, ఇటలీ, ఇండోనేషియా లాంటి చోట్ల నుంచి వచ్చి ఉండాలి. కాకపోతే ఏదో ఫ్యాక్టరీలో పోత పోసింది.

రెండింటికీ తేడా పట్టుకోవడం కష్టం కాదు. అసలు రాయికి రంధ్రాలు ఒక్క సైజులో ఉండవు. కొన్ని గసగసాల గింజంత, కొన్ని ఆవగింజంత, కొన్ని ఒకే దిక్కుకి సాగినట్టు పొడుగ్గా ఉంటాయి. రంగు బూడిద తెలుపు, లేత గోధుమ. రెండు ముక్కలు ఒకదానితో ఒకటి రాస్తే గరగరలాడే గుండ రాలుతుంది. గులాబీ, నీలం, ఆకుపచ్చ రంగుల్లో అచ్చు దింపినట్టు వచ్చే బిళ్ళలు చాలావరకు గట్టి ప్లాస్టిక్ స్పాంజిలు. వాటి మూలకి కాల్చిన సూది గుచ్చితే కరిగి వాసన వస్తుంది, అసలు రాయి మీద సూది జారిపోతుంది తప్ప ఏమీ కాదు. మూడో రకం గాజుని నురుగులా పొంగించి చేసే నల్లటి ఇటుకలు. వాటిని రుద్దినప్పుడు కుళ్ళిన కోడిగుడ్డు వాసన కొడుతుంది. తయారీలో బుడగల్లో చిక్కుకున్న హైడ్రోజన్ సల్ఫైడ్ వాసన అది. పెనాలకి పనికొస్తుందేమో గానీ కాళ్ళకి దాని అంచులు మరీ పదును. తేలిందంటే అసలుదేనని నమ్మొద్దు, స్పాంజి కూడా తేలుతుంది. పెద్ద రంధ్రాలతో బరువుగా ఉండే నల్ల రాయి అగ్నిపర్వతం నుంచి వచ్చిందే అయినా నీళ్ళలో మునుగుతుంది, చర్మానికి గరుకెక్కువ.

కళింగపట్నం, బారువ, భావనపాడు ఒడ్డున ఏరుకునే తెల్లటి తేలికపాటి ముక్కల సంగతి కూడా చెప్పాలి. పడవ ఆకారంలో ఒకవైపు గట్టి డొప్ప, మరోవైపు గోరుతో గీస్తే రాలిపోయే మెత్తదనం ఉంటే అది కటిల్ చేప ఎముక. నిమ్మరసం ఒక చుక్క వేయండి. బుసబుస పొంగితే అది సున్నపు పదార్థం. ప్యూమిస్ మీద నిమ్మరసం వేస్తే ఏ మార్పూ ఉండదు. ఆ ఎముక మడమ మీద రుద్దితే అదే అరిగిపోతుంది, మడమకి ఏమీ కాదు.

ఈ రాయి ఎందుకు పనిచేస్తుందో అర్థమైతే ఎలా వాడాలో సగం తెలిసినట్టే. బుడగకీ బుడగకీ మధ్య ఉన్న గోడ కాగితం కన్నా పలచటి గాజు. రుద్దినప్పుడు ఆ గోడలు చిట్లి కొత్త అంచులు బయటపడతాయి, అంటే వాడుతుంటే మొద్దుబారకుండా తనను తానే సాన పెట్టుకుంటుంది. నీళ్ళు ఉంటే రాలిన చర్మం ఆ పక్కనున్న రంధ్రాల్లోంచి కొట్టుకుపోతుంది. పొడిగా రుద్దితే అదే చర్మం పిండిలా రంధ్రాల్లో కూరుకుపోయి రాయి నున్నబడుతుంది. నున్నబడ్డ రాయి తెగదు కాబట్టి మనిషి ఇంకా నొక్కుతాడు. నొక్కుడు పెరిగే కొద్దీ కింద బతికున్న చర్మం ఒరుసుకుపోతుంది. పొడి రాయి వద్దనడానికి కారణం ఇదీ.

ఇక మడమ. అరికాలి చర్మంలో చెమట గ్రంథులు ఉంటాయి గానీ నూనె గ్రంథులు ఉండవు. ఒంట్లో మిగతా చోట్ల చర్మానికి సహజంగా పట్టే జిడ్డు అక్కడ లేదు. బురదలో గంటలు గంటలు నాని, తర్వాత గట్టున ఎండకి ఆరి, మళ్ళీ నాని ఆరితే చర్మంలో తేమని పట్టి ఉంచే పదార్థాలు కడుక్కుపోతాయి. ఒరిపిడికి బదులుగా శరీరం అక్కడ చర్మాన్ని మందం చేస్తుంది. ఆ మందమే చిక్కు. అడుగు వేసినప్పుడల్లా మడమ కింది కొవ్వు మెత్త ఒత్తిడికి పక్కలకి పరుచుకుంటుంది, దాంతోపాటు మీద చర్మం సాగాలి. పలచగా, తేమగా ఉంటే సాగుతుంది. మందంగా, ఎండిపోయి ఉంటే సాగలేక నిలువునా చీలుతుంది. పగులు ఎప్పుడూ మడమ అంచున, పైనుంచి కిందికి ఉండేది అందుకే. వెనక పట్టీ లేని చెప్పుల్లో మడమ పక్కకి పరుచుకోవడానికి అడ్డు ఉండదు, చెప్పు చిన్నదైతే మడమ అంచు బయటికి వేలాడుతుంది, పగులు ఇంకా తొందరగా వస్తుంది.

పగులుని దగ్గరగా చూడండి. రెండు వైపులా పసుపు రంగులో గట్టి గట్లు, మధ్యలో సందు, అడుగున ఎర్రటి గీత. రాయి పని ఆ ఎర్ర గీత దగ్గర లేదు, ఆ గట్ల దగ్గర ఉంది. గట్లు పలచబడితే మడమ మళ్ళీ సాగుతుంది, సందు తెరుచుకోవడం ఆగుతుంది, అడుగున పుండు తనంతట తాను పూడుకుంటుంది. పగులు లోపలికి రాయి మూల దూర్చి గోకడం వల్ల రక్తం తప్ప ఏమీ రాదు. బ్లేడుతో గట్లు చెక్కడం మన పల్లెల్లో ఇప్పటికీ ఉంది. బ్లేడుకి ఎక్కడ ఆగాలో తెలియదు. నాలుగు పొరలు తీయాల్సిన చోట నలభై తీసేస్తుంది. తర్వాత అదే కాలు పేడ కలిసిన బురదలో దిగుతుంది. ధనుర్వాతానికీ, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్‌కీ ఆ తెగిన చర్మం తెరిచి పెట్టిన తలుపు.

పద్ధతి చెప్తాను. వెడల్పాటి బేసిన్‌లో మడమలు మునిగేంత గోరువెచ్చని నీళ్ళు, మోచేతికి వేడి అనిపించకూడదు. ఒంటి సబ్బు కాస్త చిదిపి కలిపితే చాలు. బట్టల సబ్బు గుండ వద్దు, దాని క్షారం చర్మాన్ని ఇంకా ఎండబెడుతుంది. పిడికెడు ఉప్పు వేయడం అలవాటు గానీ పగుళ్ళకి దానివల్ల మంట తప్ప లాభం తక్కువ. కాళ్ళు 10 నిమిషాలు ఉంచండి, మరీ మందంగా ఉంటే 15. అంతకు మించి నానితే చర్మం తెల్లగా ఉబ్బి, ఎంత తీస్తున్నామో అంచనా తప్పుతుంది. ఈలోగా రాయిని కూడా ఆ నీళ్ళలోనే ముంచి ఉంచాలి. తేలుతుంది కాబట్టి చేత్తో నొక్కి పట్టుకుంటే బుడగలు పైకొస్తాయి, బుడగలు ఆగాక వాడుకోవచ్చు. తర్వాత మడమ అంచు వెంబడి చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు, వేళ్ళ బరువుతోనే, ఒక్కో మడమకి రెండు మూడు నిమిషాలు. అరచేతి బలం పెట్టొద్దు. అర నిమిషానికోసారి రాయిని నీళ్ళలో జాడించాలి. వేలితో తడిమి చూడండి. గరుకు తగ్గి చర్మం కొంచెం వంగుతున్నట్టు అనిపిస్తే ఆ రోజుకి అక్కడితో ఆపాలి. గులాబీ రంగు కనిపించిందంటే అప్పటికే ఎక్కువైంది. మూడు నెలలు పేరుకున్నది ఒక్క పూటలో తీసేయాలనుకుంటే, ఒరుసుకున్న చర్మం తనను కాపాడుకోవడానికి ముందుకన్నా మందంగా తిరిగొస్తుంది. "రాయి రుద్దితే ఇంకా గట్టిపడింది" అనే మాట ఎందరో అంటారు, వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. మొదటి రెండు మూడు వారాలు వారానికి మూడుసార్లు, తర్వాత వారానికి ఒకసారి సరిపోతుంది.

రుద్దడం సగం పనే. కాళ్ళు అద్ది తుడిచాక, చర్మంలో తడి ఇంకా ఉండగానే, రెండు మూడు నిమిషాల్లోపే జిడ్డు పట్టించాలి. తడి కాలికి రాసిన వాజిలిన్ ఉన్న తేమని బిగించి ఉంచుతుంది, ఎండిన కాలికి రాస్తే బిగించడానికి లోపల తేమే ఉండదు. మందుల షాపులో యూరియా 10 నుంచి 20 శాతం ఉన్న క్రీము దొరికితే ఇంకా మంచిది, గట్టి చర్మాన్ని అది మెత్తబరుస్తుంది కూడా. కానీ ఎర్రగా తెరుచుకున్న పగులు మీద మండుతుంది, అక్కడ వాజిలినే నయం. ఇంట్లో చేసుకుంటామంటే 40 గ్రాముల కొబ్బరి నూనెకి 10 గ్రాముల తేనెమైనం. గిన్నెని నేరుగా పొయ్యి మీద పెట్టకుండా మరుగుతున్న నీళ్ళ గిన్నెలో నిలిపి కరిగించి, దించి, చల్లారేదాకా కలపాలి. కొబ్బరి నూనె ఒక్కటే సుమారు 24 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది కాబట్టి మన వాతావరణంలో ఏడాదిలో ఎక్కువ భాగం నీళ్ళలా జారి దుప్పటికి అంటుకుంటుంది. మైనం దాన్ని మడమ మీద నిలబెడుతుంది. రాసి పాత నూలు మేజోళ్ళు వేసుకుని పడుకోవాలి.

ఎప్పుడు రుద్దాలన్నది ఎలా రుద్దాలన్నంత ముఖ్యం. ఉభాలు మొదలయ్యాక రోజూ రాయి పట్టుకోవడం తప్పు. రోజంతా నానిన చర్మం సబ్బులా ఉంటుంది, తేలిగ్గా లేచిపోతుంది. ఆ రోజుల్లో ఇంటికొచ్చాక కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడిచి, నూనె రాసుకుంటే చాలు. పొలంలో దిగేముందు ఆముదం పట్టిస్తే నీళ్ళు తొందరగా ఇంకవు. రాయి పని తొలకరికి ముందు నెలలోనూ, మళ్ళీ కోతలయ్యాకానూ. పుష్యమాసపు చలిగాలికి పగుళ్ళు బాగా ఎక్కువవుతాయి. అవి మొదలయ్యాక రుద్దడం కన్నా కార్తీకంలోనే గట్లు పలచబరిచి ఉంచితే సంక్రాంతికి కాళ్ళు నిలబడతాయి.

అరచేతుల్లో కాయలు కాసినవాళ్ళు కూడా ఈ రాయి పడతారు. గునపం, పార పట్టే చేతికి ఆ కాయే కవచం. దాన్ని పూర్తిగా తీసేస్తే మర్నాడు బొబ్బలు లేస్తాయి. లేచి అడ్డుపడే అంచుని మాత్రం సాపు చేసుకోవాలి. జీడిపిక్కల పని చేసేవాళ్ళ విషయం వేరు. జీడి తొక్కలోని నూనె చర్మాన్ని కాలుస్తుంది, నల్లబడ్డ ఆ చర్మం గట్టిపడ్డ చర్మం కాదు, దెబ్బతిన్న చర్మం. దాని మీద రాయి రుద్దితే ఆ నూనెకి లోపలికి దారి చూపించినట్టే. పనికి ముందు వంటనూనె పట్టించుకోవడం, చేతికి తొడుగు వేసుకోవడం తప్ప మరో దారి లేదు.

రాయి ముట్టకూడని కాళ్ళు కొన్ని ఉన్నాయి, ఈ భాగం పట్టుబట్టి చదవమని అడుగుతున్నాను. షుగరు చాలాకాలంగా ఉన్నవాళ్ళకి పాదాల్లో స్పర్శ తగ్గిపోతుంది. ఎంత ఒరుసుకుందో తెలియదు, నీళ్ళు ఎంత వేడో కూడా తెలియదు, పుండు పడితే మానదు. వాళ్ళ మడమలు వాళ్ళు స్వయంగా రుద్దుకోకూడదు, డాక్టరుకి చూపించాలి. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఉన్నవాళ్ళకీ ఇదే మాట. ఆ జబ్బు ముదిరితే చర్మం ఎండిపోతుంది, నరాలు దెబ్బతింటాయి, గాయాలు మానడం ఆలస్యమవుతుంది. ఇక బోదకాలు. మన రెండు జిల్లాల్లో ఆ జబ్బు తెలియని ఊరు తక్కువ. బోదకాలు ఉన్నవాళ్ళకి అప్పుడప్పుడు చలిజ్వరంతో కాలు ఎర్రగా పొంగుకొస్తుంది. అందుకు కారణం వేళ్ళ సందుల్లోంచి, పగుళ్ళలోంచి లోపలికి పోయే సూక్ష్మక్రిములు. ఆ కాలికి కావలసింది రోజూ సబ్బుతో మెత్తగా కడగడం, మడతలూ సందులూ పొడిగా అద్దడం, కాలు ఎత్తులో పెట్టుకోవడం. గరుకు వస్తువు ఏదీ దాని దరికి పోకూడదు.

పులిపిరిని ఆనెకాయ అనుకుని రుద్దేవాళ్ళు కూడా ఎక్కువే. తేడా పట్టడానికి రెండు గుర్తులు చాలు. ఆనె మీద నేరుగా నొక్కితే నొప్పి, పులిపిరిని రెండు వేళ్ళతో పక్కల నుంచి నొక్కితే నొప్పి. పులిపిరిలో సన్నటి నల్ల చుక్కలుంటాయి, పాదం గీతలు దాని చుట్టూ తిరిగి వెళ్తాయి, ఆనె మీదుగా మాత్రం నేరుగా సాగుతాయి. పులిపిరి వైరస్ వల్ల వస్తుంది. రాయితో రుద్దితే అది ఆ రాయిలో చేరి మిగతా చర్మానికీ, తర్వాత వాడిన మనిషికీ అంటుకుంటుంది. ఇంటికంతా కలిపి బాత్రూంలో ఒకే రాయి పెట్టే అలవాటు మానాలనడానికి ఇది చాలు. మనిషికొక ముక్క. పెద్ద రాయి కొని పాత రంపపు బ్లేడుతో, తడిపి, కోసుకోవచ్చు. పొడిగా కోస్తే లేచే ధూళి గాజు ధూళి, పీల్చకూడదు.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించే వాడకం నల్లబడ్డ మెడ, మోచేతులు, మోకాళ్ళ మీద రుద్దడం. పెళ్ళి చూపుల ముందు ఆడపిల్లల చేత ఈ పని చేయించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అది మురికి కాదు. చర్మం ఒరిపిడికి జవాబుగా రంగు ఎక్కువగా తయారుచేస్తుంది. చర్మవైద్యులు ఒరిపిడి నలుపు అని చెప్పే సమస్య మన దేశంలో రాళ్ళతోనూ నైలాన్ పీచులతోనూ ఒళ్ళు రుద్దుకునేవాళ్ళలో కనిపించేదే. రుద్దే కొద్దీ నలుపెక్కుతుంది, నలుపెక్కే కొద్దీ రుద్దుతారు. మెడ వెనకా చంకల్లోనూ చర్మం మందంగా, మఖమలు గుడ్డలా నల్లబడితే అది చాలామందిలో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదన్న గుర్తు. ఆ పిల్లకి కావలసింది షుగరు పరీక్ష. మెడ గోకి ఎర్రబరచడం వల్ల జబ్బు కనపడకుండా పోదు, పిల్ల మాత్రం సిగ్గుతో కుంగిపోతుంది. ప్యూమిస్ అరికాలికీ అరచేతికీ తప్ప ఒంటి మీద ఇంకెక్కడా వద్దు. ముఖం మీద వెంట్రుకలు పోతాయని రుద్దడం కూడా ఇందులోకే వస్తుంది. పళ్ళ సంగతీ అంతే. గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా లెక్కించే మోస్ కొలతలో పంటి పింగాణీది 5, ప్యూమిస్ దానికన్నా కాస్త ఎక్కువ. దంతవైద్యులు మెత్తటి ప్యూమిస్ గుండతో కొద్ది క్షణాలు మెరుగు పెడతారు. రోజూ ఇంట్లో ఆ పని చేస్తే పింగాణీ అరిగిపోతుంది, ఇటుక గుండతో తోముకుంటే అరిగినట్టే.

మా పెద్దవాళ్ళు నూతి గట్టు మీద బండకేసి మడమ రాసుకునేవారు, ఈ విదేశీ రాయి ఎందుకని అడిగేవాళ్ళకి జవాబు ఉంది. బండ పనిచేస్తుంది. నీళ్ళు పడుతూనే ఉంటాయి కాబట్టి పొడి రుద్దుడు కాదు, మనిషి నిలబడి కాలు కదుపుతాడు కాబట్టి మరీ నొక్కడు. రెండు లోపాలున్నాయి. పదిమంది కాళ్ళూ పడే చోటు అది, పైగా పాచి పడితే జారి పడతారు. బాగా కాలిన ఇటుక ముక్క దీనికన్నా నయం. అంచులు గచ్చు మీద అరగదీసి, నానబెట్టి, తనకొక్కరికే ఉంచుకుంటే ప్యూమిస్ చేసే పనిలో చాలావరకు చేస్తుంది. కానీ ఇటుకలో ఇసుక రేణువులు అక్కడక్కడ పెద్దవి ఉండి గీతలు పడతాయి. బీరకాయ పీచు రోజువారీ శుభ్రానికి బాగుంటుంది, గట్టిపడ్డ గట్లని మాత్రం ఏమీ చేయలేదు. డబ్బు పెట్టగలిగితే అసలు రాయి కొనండి, లేకపోతే ఇటుక ముక్క చాలు. కొత్త ప్యూమిస్‌కి మూలలు పదునుగా ఉంటాయి, దాన్ని కూడా తడి గచ్చు మీద నిమిషంపాటు రుద్ది మడమ వంపుకి తగ్గట్టు గుండ్రం చేసుకోవాలి.

ఇంటి పనుల్లో ఈ రాయికి నేను పెద్ద పీట వేసేది మరుగుదొడ్డిలో. బోరు నీళ్ళ ఊళ్ళలో పింగాణీ గిన్నెలో నీళ్ళు నిలిచే చోట తెల్లటి గార, దాని మీద ఇనుము వల్ల తుప్పు రంగు గీత కడతాయి. వెంటనే యాసిడ్ సీసా తెస్తారు. యాసిడ్ గారని కరిగిస్తుంది, నిజమే, దాంతోపాటు టైల్స్ మధ్య సిమెంటుని కూడా తింటుంది, ఆవిరి గొంతు పట్టేస్తుంది. అంతకుముందు బ్లీచింగ్ పౌడరు చల్లి ఉంటే రెండూ కలిసి క్లోరిన్ వాయువు పుడుతుంది, తలుపు మూసిన చిన్న గదిలో అది ప్రాణాంతకం. గార గట్టిదనం 3 దగ్గర ఉంటుంది, రాయిది 5 పైన. మెల్లగా రుద్దితే గార లేచిపోతుంది. పింగాణీ మెరుపు పొర గట్టిదనం మాత్రం రాయికి దగ్గరదగ్గరే, అందుకే రాయీ పింగాణీ రెండూ తడిగా ఉండాలి, బలం పెట్టకూడదు, ముందు కనపడని మూల ఒకసారి రుద్ది చూడాలి. నీళ్ళు బకెట్‌తో తోసేసి గీత బయటపెట్టి, చేతికి తొడుగు వేసుకుని, గీత వెంబడి రాయిని అడ్డంగా నడిపితే బూడిద రంగు గుజ్జు వస్తుంది. అది రాయి గుజ్జు, పింగాణీది కాదు. కడిగి చూస్తూ సాగాలి. తెల్ల పింగాణీకి తప్ప రంగు బేసిన్లకీ, ప్లాస్టిక్ టబ్బులకీ, మెరుగుపెట్టిన పాలరాయికీ, స్టీలు కుళాయిలకీ ఈ రాయి పట్టుకెళ్ళొద్దు. పాలరాయి గట్టిదనం కూడా 3 దగ్గరే, పోయిన మెరుపు మళ్ళీ మెరుగు పెట్టిస్తే తప్ప రాదు.

వంటింట్లో దీనికి తగిన జోడీ ఇనుప అట్ల పెనం. అంచుల చుట్టూ పేరుకున్న నల్లటి మాడు, వర్షాకాలం పట్టిన తుప్పు రెండూ తడి రాయికి లొంగుతాయి. రుద్దాక రాయి గుండ పూర్తిగా పోయేలా రెండుసార్లు కడిగి, పొయ్యి మీద ఆరబెట్టి, గుడ్డతో పలచగా నూనె అద్ది సన్నగా పొగ వచ్చేదాకా కాల్చాలి. ఇలా మూడుసార్లు చేస్తే అట్టు అంటుకోదు. నూనె ఎక్కువ పోస్తే పొర గట్టిపడకుండా జిగురుగా మిగిలిపోతుంది. నాన్‌స్టిక్ మీద ఒక్క గీత చాలు, గిన్నె పాడైనట్టే. బుడితి ఇత్తడి సామానుకి కూడా వద్దు, ఇత్తడి మెత్తటి లోహం. చింతపండు తోమినంత అందంగా దాన్ని ఇంకేదీ తోమదు.

ఉన్ని స్వెట్టరు మీద లేచిన ఉండలని పొడి ప్యూమిస్‌తో ఒకే దిక్కుకి తేలిగ్గా లాగితే పోతాయి. రాయి పొడిగా వాడదగ్గ సందర్భం ఇదొక్కటే. పొందూరు ఖాదీ మీద మాత్రం పొరపాటున కూడా ఆ ప్రయత్నం చేయకండి, అంత సన్నటి నూలు తెగిపోతుంది. జీన్స్ పాతబడ్డట్టు కనిపించడానికి ఫ్యాక్టరీల్లో వాటితోపాటు ప్యూమిస్ రాళ్ళు వేసి తిప్పేవారు, ఇప్పుడు ఆ పని చాలాచోట్ల ఎంజైములు చేస్తున్నాయి. కుండీల్లో ఎడారి మొక్కలు పెంచేవాళ్ళు 3 నుంచి 6 మిల్లీమీటర్ల ప్యూమిస్ ముక్కలు మట్టిలో కలుపుతారు. కలిపేముందు జల్లించి, కడిగి గుండ తీసేయాలి, లేకపోతే ఆ గుండే అడుగున పేరుకుని నీళ్ళు దిగనివ్వదు. ఆ పని కోసం కొనడం కన్నా ఇటుక నలగ్గొట్టి జల్లించుకోవడమే మన దగ్గర చవక.

కాళ్ళ రాయి, మరుగుదొడ్డి రాయి, పెనం రాయి మూడూ వేరు వేరుగా ఉండాలి, కలిసిపోకుండా మేకుతో ఒకటి, రెండు, మూడు గీతలు గీసి ఉంచండి. కాళ్ళ రాయిని వాడిన ప్రతిసారీ పాత టూత్‌బ్రష్‌తో సబ్బు పెట్టి తోమి, కుళాయి ధార కింద పట్టి, సబ్బు డబ్బాలో పెట్టకుండా గాలి ఆడే చోట తాడుకి వేలాడదీయాలి. రంధ్రాల్లో నీళ్ళు నిలిస్తే వాసన కొడుతుంది, శిలీంధ్రం పడుతుంది. పదిహేను రోజులకోసారి నీళ్ళలో వేసి 10 నిమిషాలు మరిగించండి. అలా వదిలేస్తే పైకి తేలి సగం రాయే ఉడుకుతుంది, కాబట్టి మీద ఒక చిన్న ప్లేటు బోర్లించి దాని మీద బరువు పెట్టాలి. దించాక ఎండలో పూర్తిగా ఒక రోజు. రంగు బిళ్ళ స్పాంజిని ఇలా మరిగించొద్దు. వాడగా వాడగా రాయి వేళ్ళకి అందనంత పలచబడితే, లేదా తోమినా రంధ్రాల్లో నలుపు వదలకపోతే అది కాళ్ళకి ఇక వద్దు. బాగా మరిగించి, మరో రెండు గీతలు గీసి పెనానికి మార్చుకోవచ్చు. కాలికి పుండు పడ్డప్పుడు వాడిన రాయైతే అదీ వద్దు, పారేయండి.